చెయ్యి కదిలేదాకా: ఫ్రాంకెన్‌స్టైన్ ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

జూన్ మొదట్లో: పని ఏమిటంటే

1931లో యూనివర్సల్ వాళ్లు తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో శవానికి ప్రాణం పోసే ఘట్టం ఉంది కదా, ఆ ల్యాబ్‌ని ఆరో వంతు సైజులో కట్టి, ఘట్టం చివరి భాగాన్ని ఒక నిమిషం లోపు వీడియోగా తీయాలి. ఇదీ ప్రాజెక్టు. గ్రాఫిక్స్ వద్దు. ఆ సినిమాలో కూడా ఆ ఘట్టమంతా చేత్తో చేసిన పనే. బల్ల నిజంగా గొలుసుల మీద పైకి వెళ్లింది, నిప్పురవ్వలు నిజంగా ఎగిరాయి.

ఆరో వంతే ఎందుకంటే ఆ కొలతలో బొమ్మలు బజారులో దొరుకుతాయి. ఆరడుగుల మనిషి అడుగు పొడవు అవుతాడు. డైనింగ్ టేబుల్ మీద సెట్ మొత్తం పడుతుంది. (అన్నం హాల్లో తింటున్నాం. అమ్మ ఇంకా ఏమీ అనలేదు.)

సినిమాను ఆపి ఆపి చూస్తూ నేల ప్లాను గీసుకున్నాను. అలా గీస్తుంటేనే ఒక సంగతి తెలిసింది. దర్శకుడు జేమ్స్ వేల్ ఇంగ్లండ్ నాటకరంగం నుంచి వచ్చినవాడు. ఈ ల్యాబ్‌ను ఆయన స్టేజిలా వాడుకున్నాడు. శవానికి ప్రాణం పోసే ఆ హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్ తన దగ్గరికి వచ్చిన ముగ్గురినీ కుర్చీల్లో కూర్చోబెట్టి మరీ ప్రయోగం చేస్తాడు. కాబోయే భార్య, స్నేహితుడు, పాఠం చెప్పిన ప్రొఫెసరు ఒకవైపు ప్రేక్షకుల్లా ఉంటారు. మధ్యలో బల్ల, చుట్టూ యంత్రాలు, పైన కప్పులో ఆకాశం కనిపించే తెరపి. నేను గోడలు మూడే కడుతున్నాను. నాలుగోది కెమెరాకు వదిలేశాను.

కళా దర్శకుడు చార్లెస్ డి. హాల్, కెమెరా ఆర్థర్ ఎడెసన్. 1931 ఆగస్టు 24న షూటింగ్ మొదలై అక్టోబరు 3న ముగిసింది. ఖర్చు మూడు లక్షల డాలర్లకు కొంచెం తక్కువ. ఆరు వారాల్లో అంత పని ఎలా చేశారో! నాకు గోడలకే జూన్ అంతా పట్టేలా ఉంది.

గోడల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. థర్మోకోల్ మీద చాకుతో రాళ్ల ఆకారాలు కోసి, పైన పీఓపీ పలచగా పూసి, ఆరాక నలుపు, దాని మీద ఎండు బ్రష్‌తో బూడిద రంగు. రాళ్లు ఒకే సైజులో కొయ్యకుండా చూసుకోవాలి, అంతే.

జూన్ నెలాఖరు: తల

బజారు బొమ్మ ముఖం మరీ అందంగా ఉంది. దాని తల తీసేసి ఎం-సీల్‌తో కొత్తది చేస్తున్నాను.

మేకప్ చేసింది జాక్ పియర్స్. ఆయన చెప్పుకున్న లెక్క నాకు బాగా నచ్చింది. పుర్రె కోయడానికి రకరకాల పద్ధతులున్నాయని చదివి తెలుసుకున్నాడు. హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్ చెయ్యి తిరిగిన సర్జన్ కాదు కాబట్టి అన్నిటికన్నా తేలికైన దారి పట్టి ఉంటాడని ఆలోచించాడు. కుండ మూత తీసినట్టు పుర్రె పైభాగాన్ని అడ్డంగా కోసేసి, లోపల మెదడు పెట్టి, మళ్లీ మూసి, క్లిప్పులు బిగించేసి ఉంటాడు. ఆ బల్లపరుపు నెత్తి అలా వచ్చింది. అది భయపెట్టడానికి గీసిన ఆకారం కాదు, ఒక చేతకాని ఆపరేషన్ గుర్తు. మెడకు రెండు వైపులా ఉన్నవాటిని అందరూ బోల్టులంటారు. పియర్స్ లెక్కలో అవి కరెంటు ఎక్కించే ఎలక్ట్రోడ్లు. మన ఫ్యాను రెగ్యులేటర్‌కు రెండు వైర్లు వెళ్లినట్టు ఆయన బొమ్మకు రెండు టెర్మినళ్లు పెట్టాడన్నమాట.

పియర్స్ సరంజామా దూది, కొలోడియన్. కొలోడియన్ ఘాటైన వాసన వేసే ద్రవం. ఆరితే పలచని పొరలా బిగుసుకుంటుంది. పొర మీద పొరగా దూది అంటించి నుదురు, నెత్తి కట్టేవాడు. రోజూ దాదాపు నాలుగు గంటలు, రాక్షసుడి వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ ఆ కుర్చీలో కూర్చోవలసిందే. సాయంత్రం ఊడదీయడం మళ్లీ వేరే పని.

నేను కొలోడియన్ జోలికి పోలేదు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో దూదిని ముంచి ఎం-సీల్ పుర్రె మీద అంటిస్తున్నాను. ఇక్కడ ఒక చిట్కా: దూదిని ఉండలా పెడితే ఆరాక గడ్డలా కనిపిస్తుంది. వత్తి చేసేటప్పుడు లాగుతాం చూడండి, అలా పోగులు అన్నీ ఒకే వైపు వచ్చేలా లాగి, కనుబొమ్మ దగ్గర మొదలుపెట్టి పైకి పరవాలి. తడిగా ఉన్నప్పుడే గుండుసూదితో అడ్డంగా రెండు గీతలు గీస్తే చర్మం ముడతలా వస్తుంది. ఆరాక ఇంకో పొర. మూడో పొర తర్వాత ఆ నుదురు చూసి నాకే ముచ్చటేసింది.

ముఖంలో రెండు సంగతులు కార్లాఫ్‌ సొంతం. తన కళ్లు మరీ చురుగ్గా, అన్నీ తెలిసినట్టు కనిపిస్తున్నాయని ఆయనకే అనిపించింది. అప్పుడు పియర్స్ రెప్పల మీద మైనం పెట్టి బరువుగా వాల్చాడు. రెండోది, కార్లాఫ్‌కు ఒక పక్క కట్టుడు పళ్లుండేవి. అవి తీసేస్తే ఆ బుగ్గ లోపలికి పోయింది. మేకప్‌తో తేవలసిన గుంట ఊరికే వచ్చేసింది. నా బొమ్మకు కుడి బుగ్గ మీద చెంచా కాడతో నొక్కి గుంట చేశాను.

ఇంత చేయించుకున్న మనిషి పేరు సినిమా మొదట్లో పడే టైటిల్స్‌లో లేదు. రాక్షసుడి పాత్రకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం వేశారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు, పదుల కొద్దీ సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసి ఉన్నాడు.

జూలై మొదట్లో: పుస్తకం తిరగేస్తే

యంత్రాల జాబితా రాసుకుందామని, సినిమాకు మూలమైన మేరీ షెల్లీ నవల తీశాను. ఏమీ దొరకలేదు. నవంబరు రాత్రి, వాన, కొడిగట్టిన కొవ్వొత్తి, ప్రాణం పోసే పరికరాలు చుట్టూ పెట్టుకున్నానన్న ఒక్క మాట, అంతే. ఏ పరికరాలో ఆమె చెప్పలేదు. పిడుగును పట్టే గోపురం లేదు, గొలుసుల బల్ల లేదు, గూని సహాయకుడు లేడు.

అలాగని కరెంటు ఆలోచన సినిమావాళ్లు ఎక్కడి నుంచో పట్టుకొచ్చిందీ కాదు. 1803లో లండన్‌లో జియోవానీ ఆల్దీనీ ఉరి తీసిన ఖైదీ శవానికి బ్యాటరీ తీగలు తగిలిస్తే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది, చెయ్యి లేచింది. మేరీ అప్పటికి చిన్నపిల్ల. నవల 1818లో వచ్చింది. 1831 ముద్రణకు రాసిన ముందుమాటలో ఆమె గాల్వనిజం, అంటే కరెంటుతో కండరాలను కదిలించడం, దాని పేరు ఎత్తింది. దానికి సరిగ్గా వందేళ్లకు సినిమా. టైటిల్స్‌లో ఆవిడ పేరు ‘మిసెస్ పెర్సీ బి. షెల్లీ’ అని వేశారు. రాసింది ఆవిడ, పేరు భర్తది!

ఇంకో ముచ్చట. 1910లోనే ఎడిసన్ కంపెనీ ఇదే కథను ఒక రీలు సినిమాగా తీసింది. అందులో కరెంటు లేదు, పెద్ద కొప్పెరలోంచి రాక్షసుడు పుడతాడు. ఒక దిష్టిబొమ్మను తగలబెట్టి, ఆ ఫిల్మును వెనక నుంచి ముందుకు నడిపించారు. కాలిన ఎముకల మీదికి కండ వచ్చి అతుక్కుంటున్నట్టు కనిపిస్తుంది. ఖర్చు లేని గొప్ప ఐడియా. మా తమ్ముడు అదే చేద్దామన్నాడు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో దిష్టిబొమ్మ తగలబెడితే మనల్నే లేపాల్సి వస్తుందని ఒప్పించాను.

జూలై: మెరుపు

అసలు సరదా పని ఇదే. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, బ్యాటరీతో నడిచే చిన్న హై వోల్టేజీ మాడ్యూలు తెచ్చాను. తీగ మాత్రం మామయ్య దగ్గరే. ఆయనది మోటారు వైండింగ్ షాపు.

“దేనికిరా ఇంత సన్న వైరు?”

“శవాన్ని లేపాలి మామయ్యా.”

“ఆ మూలన ఐదు హెచ్‌పీ మోటారు వారం రోజులుగా చచ్చి పడుంది. ముందు దాన్ని లేపు, తర్వాత చూద్దాం.”

అన్నాడే గానీ, పీవీసీ పైపు ముక్క తీసుకుని వైండింగ్ మెషీనుకు బిగించేశాడు. 36 గేజి ఎనామెల్ వైరు. నేను చేత్తో చుడితే చుట్టు మీద చుట్టు ఎక్కేస్తోంది. మామయ్య కుడి చేత్తో పిడి తిప్పుతూ, ఎడమ బొటనవేలు, చూపుడువేలు మధ్య వైరును వదిలీ వదలనట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్లను చుట్టుకు కొంచెం వెనగ్గా ఉంచితే, వైరు దానంతటదే పక్క చుట్టును ఒరుసుకుంటూ వచ్చి కూర్చుంటుంది. సందు లేదు, ఎక్కడం లేదు. మాట్లాడుతూనే వందల చుట్లు పడ్డాయి. చివర వార్నిష్ పూసి ఎండలో పెట్టాడు.

ఇది హై వోల్టేజీ పుట్టించే టెస్లా కాయిల్‌కు బుల్లి తమ్ముడు. 12 వోల్టులు ఇచ్చి, దగ్గరికి ఒక సీఎఫ్ఎల్ బల్బు తెస్తే ఏ తీగా తగలకుండానే వెలిగింది. మామయ్య బల్బును కిందా మీదా తిప్పి చూసి, “ఇది షాపులో పెట్టుకుంటా, ఇంకోటి చుట్టిస్తా” అన్నాడు.

సినిమాలో ఈ యంత్రాలన్నీ కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఎలక్ట్రికల్ పనివాడివి. వాటిలో చాలావరకు ఏ పనీ చెయ్యవు, కంటికి కనిపించేలా కరెంటును ఆడిస్తాయి. రెండు కడ్డీల మధ్య నిప్పు పైకి పాకే పరికరం చూసే ఉంటారు, జాకబ్స్ ల్యాడర్. కడ్డీలు కింద దగ్గరగా, పైన ఎడంగా ఉంటాయి. నిప్పు కింద పుడుతుంది, వేడెక్కిన గాలి పైకి లేస్తూ దాన్ని కూడా లాక్కెళుతుంది, పైన ఎడం ఎక్కువై తెగిపోతుంది, మళ్లీ కింద పుడుతుంది. నా బ్యాటరీ మాడ్యూలుకు అంత దమ్ము లేదు. సెంటీమీటరు రవ్వ వస్తుంది గానీ పైకి పాకదు. గోడ కరెంటుతో నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పాకుతుంది. దాన్ని ముట్టుకుంటే మనిషి కూడా పైకి పోతాడు. మామయ్య ససేమిరా అన్నాడు, నేనూ అడగలేదు. ఆరో వంతు సెట్లో సెంటీమీటరు రవ్వ ఆరు సెంటీమీటర్లలా కనిపిస్తుంది. చాలు.

ఆ బల్ల మీద పడుకున్న కార్లాఫ్‌కు మాత్రం అది ఆటలా లేదు. పైన అటక మీద మనుషులు తెల్లగా మండుతున్న కార్బన్ కడ్డీలు పట్టుకుని మెరుపులు పుట్టిస్తున్నారని, వాళ్లలో ఎవరి చెయ్యీ జారకూడదని తను కింద కోరుకుంటూ పడుకున్నానని తర్వాత చెప్పాడు. కార్బన్ కడ్డీలంటే మామయ్యకు వెంటనే తెలిసిపోయింది. మన పాత థియేటర్ల ప్రొజెక్టర్లలో వెలుగు వాటిదేగా! అరిగిపోయిన ముక్కల్ని క్యాబిన్ వెనక ఏరుకుని పలక మీద రాసేవాళ్లట.

స్ట్రిక్‌ఫాడెన్ ఆ సామానంతా తన గ్యారేజీలోనే దాచుకున్నాడు. 1974లో మెల్ బ్రూక్స్ ఈ కథ మీద కామెడీ తీసినప్పుడు అవే యంత్రాలను బయటికి తెచ్చి వాడారు. మోటారు వైండింగ్ షాపు మూల చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఏ వైండరూ ఏదీ పారేయడు.

ఫోన్‌కు ఒక ఇబ్బంది. కాయిల్ దగ్గరికి వెళ్తే స్క్రీను తనంతట తనే నొక్కుకుంటోంది, మైకులో గరగర వస్తోంది. ఫోన్‌ను రెండు మీటర్ల దూరం జరిపి జూమ్ పెట్టి, షట్టరును వాచీ నుంచి నొక్కితే సరిపోయింది.

ఆగస్టు మొదట్లో: బల్ల, గొలుసులు

బల్లకు ఎండీఎఫ్ (చెక్కపొడి అట్ట) ముక్క, గొలుసులకు ఇమిటేషన్ నగల షాపులో మీటర్ల లెక్కన అమ్మే గొలుసు. పైన కుట్టుమిషను బాబిన్లే కప్పీలు. నాలుగు గొలుసులూ ఒకే చువ్వకు చుట్టుకునేలా పెట్టాను, లేకపోతే బల్ల ఒక పక్కకు వాలి శవం జారిపోతోంది.

కట్టడం తేలికే. తీసి చూస్తే బొమ్మలాటే. బల్ల లేస్తుంటే గొలుసులు టకటకా ఊగుతున్నాయి, ఎవరూ నమ్మరు. ఎంత మెల్లగా తిప్పినా అంతే. కారణం లోలకం లెక్క, తొమ్మిదో తరగతి ఫిజిక్స్. లోలకం ఊగే సమయం పొడవుకు కాదు, పొడవు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. గొలుసు ఆరో వంతైతే, ఆరు వర్గమూలం దాదాపు 2.45 కాబట్టి, అన్ని రెట్లు వేగంగా ఊగుతుంది. కాబట్టి అన్ని రెట్లు వేగంగా తీసి, మామూలు వేగంతో చూపించాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. 24ను 2.45తో గుణిస్తే దాదాపు 59. ఫోన్లో 60 ఎలాగూ ఉంది!

60లో తీసి 24లో నడిపిస్తే ఎండీఎఫ్ ముక్క ఒక్కసారిగా బరువెక్కింది. గొలుసులు మనిషిని మోస్తున్నట్టు సాగి ఊగుతున్నాయి. ఇన్నాళ్ల పనిలో నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే. రవ్వలతో కాదు, లెక్కతో.

కాకపోతే రవ్వలకు ఈ లెక్క పనికిరాదు. నెమ్మదిస్తే మెరుపు మెరుపులా ఉండదు. అందుకే బల్ల లేచే షాట్లలో కాయిల్ ఆపేసి, వాటిని విడిగా 24లో తీస్తున్నాను.

ఆగస్టు: చప్పుడు

ఈ సినిమాలో టైటిల్స్ దాటాక నేపథ్య సంగీతం లేనట్టే. 1931 కదా, మాట వచ్చి కొన్నేళ్లే. ప్రాణం పోసే ఘట్టమంతా ఉరుములు, యంత్రాల చిటపటలు, గొలుసుల గరగరలే. నిశ్శబ్దం వచ్చినప్పుడు గట్టిగా తగులుతుంది.

తమ్ముడు డ్రమ్స్ పెట్టి ఒక బీజీఎం చేసుకొచ్చాడు. మన హీరో ఎంట్రీకి పెట్టుకుంటే ఈలలు పడతాయి. దాన్ని పక్కన పెట్టి, ఆ వారం కురిసిన వానలో బాల్కనీ నుంచి రికార్డు చేసిన ఉరుము, సైకిలు చెయిను, పెనం మీద నీళ్ల చుక్కలు వాడాం. ఉరుము వెనకాల వాచ్‌మన్ విజిల్ వినిపిస్తుంది, తీసేయబుద్ధి కాలేదు.

సెప్టెంబరు: చెయ్యి

మొత్తం ఎడిట్ చేసి చూసుకుంటే గోడలున్నాయి, మెరుపులున్నాయి, బల్ల పైకెళ్లి కిందికొచ్చింది, శవం మాత్రం శవంగానే ఉంది. అసలు సినిమాను మళ్లీ వేశాను. బల్ల దిగాక యంత్రాలన్నీ ఊరుకుంటాయి. ఇంతసేపూ మోత మోగించిన సరంజామాకు ఇక పని లేదు. బల్ల అంచు నుంచి వేలాడుతున్న ఒక చెయ్యి. దాని వేళ్లు కొంచెం కదులుతాయి. హెన్రీగా వేసిన కోలిన్ క్లైవ్ దాన్ని చూసి, బతికే ఉందని పదే పదే అంటూ పిచ్చెక్కిపోతాడు. ముఖం లేవదు, కళ్లు తెరవదు. ప్రాణం వచ్చినట్టు మనకు తెలిసేది ఆ చేతి వల్లే. మిగతాదంతా తిరునాళ్ల హడావిడి.

ఆరో వంతు చెయ్యి కదపడం నా వల్ల కాదు. రాగి తీగ పెట్టి లాగితే తోలుబొమ్మలా ఉంది. కాబట్టి ఈ ఒక్క షాటుకూ తమ్ముడి చెయ్యి, నిజం సైజులో. సినిమాలో కోటు చేతులు కావాలనే పొట్టిగా కుట్టారు, మణికట్టు బయటపడి చెయ్యి సాగినట్టు కనిపిస్తుంది. నాన్న పాత కోటు మోచేతికి కొంచెం కిందికి మడిచి లోపల కుట్టేశాం.

రంగుకు ఆకుపచ్చ కలిసిన బూడిద. కళ్లతో చూస్తే వేషగాడి చెయ్యే. బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చగానే రక్తం లేని పాలిపోయిన తెలుపు. పియర్స్ గ్రీజు పెయింటుకు ఆకుపచ్చ ఛాయ ఇచ్చిందీ ఫిల్ము మీద అలా రావడానికే. మనిషి చర్మంలో ఉన్న ఎరుపును అది మింగేస్తుంది. గోళ్లకు బూటు పాలిష్.

ఇంకా ఏదో తేడా. వేలాడదీసిన చేతికి రక్తం దిగి నరాలు ఉబ్బుతున్నాయి. అంత ఆరోగ్యమైన శవం ఎక్కడా ఉండదు. టేకుకు ముందు కాసేపు చెయ్యి తలపైకి ఎత్తి ఉంచి, “యాక్షన్” అనగానే దించితే, నరాలు మళ్లీ లేచేలోపు ఒక షాటుకు సరిపడా సమయం దొరుకుతోంది.

తర్వాత కదలిక. చూపుడు వేలు కదిపితే ఎవరినో పిలుస్తున్నట్టుంది. అన్ని వేళ్లూ కదిపితే పియానో. ఉంగరపు వేలు ఒక్కదాన్నే కదపమంటే వాడి వల్ల కాలేదు. ఎవరికైనా కష్టమే, దాని స్నాయువులు పక్క వేళ్లతో ముడిపడి ఉంటాయి. వాడికి టెన్షన్ ఎక్కువై, కదపకూడనప్పుడు కూడా బొటనవేలు వణుకుతోంది.

చివరికి పనిచేసింది ఇది. “నువ్వు వేళ్ల సంగతి మర్చిపో, మోచేతితో బల్లను మెల్లగా కిందికి నొక్కు” అన్నాను. మోచెయ్యి నొక్కితే ముంజేతి కండరం బిగుస్తుంది, మణికట్టు కొంచెం పైకి లేస్తుంది, వేళ్లు వాటంతటవే ఆలస్యంగా దాని వెంట వస్తాయి. కదిలించేవాడు ఎక్కడో ఉన్నాడు, కదిలేది ఇక్కడ. వాడు దించేశాక కూడా మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడు “ఇంకోటి తీద్దామా?” అన్నాడు. వద్దన్నాను.

సెప్టెంబరు నెలాఖరు: ఎడిటింగ్

చెయ్యి షాటు కుదిరాక మెరుపుల్లో సగం తీసేశాను. మామయ్య కాయిల్ ఒక్క షాటులోనే ఉంది, ఆయనకు ఇంకా చెప్పలేదు.

హెన్రీ మాటల దగ్గర ఆగాను. దేవుడిగా ఉండటం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందని అతను అరిచే మాట ఒకటుంది. 1930ల చివర్లో సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ మాట మీద సెన్సారు పడి, ఉరుము చప్పుడుతో కప్పేశారు. చాలా ఏళ్ల తర్వాత గానీ తిరిగి రాలేదు. మా వీడియోలో తమ్ముడే ఆ మాటను తెలుగులో చెప్పాడు. రెండు రకాలుగా చేసి పెట్టాను: మాట వినిపించేది ఒకటి, ఉరుముతో కప్పేసింది ఒకటి. ఇంట్లో చూపిస్తే అందరూ రెండోదే బాగుందన్నారు. నోరు కదులుతోంది, ఉరుము తప్ప ఏమీ వినిపించదు. ఏమన్నాడని నాన్న అడిగారు. సెన్సారువాళ్లు కత్తిరించి సినిమాకు మేలే చేశారేమో అనిపించింది గానీ, మొదటిదాన్నే ఉంచుతున్నాను.

డైనింగ్ టేబుల్ ఖాళీ చేయడానికి దసరా గడువు పడింది. గోడలు విడదీసి నంబర్లు వేసి అటకెక్కించాలి, కాయిల్ మామయ్యకు ఇచ్చెయ్యాలి. తమ్ముడు ఇప్పుడు సినిమా చివర్లో గాలిమర తగలబడే ఘట్టం గురించి అడుగుతున్నాడు. దానికి నిప్పు కావాలి కాబట్టి ఊళ్లో తాతయ్య వాళ్ల కళ్లం దగ్గర, సంక్రాంతికి వెళ్లినప్పుడు.